నీళ్లమ్మేవాడి నిద్ర

మా ఇంట్లో ఏసీ కింద బకెట్టుంటుంది.
దాని చుక్కల లెక్కతోనే రాత్రుళ్లు ఆడతాను.
షార్జా, రోలా వెనక సందు, నాలుగో అంతస్తు.
కింద నాన్న టైపింగ్ సెంటరు,
వీసా కాగితాల వేడి మెట్ల దాకా వస్తుంది.

ఆట పేరు ఇసుకకోట.
ఆ ఏడాది అందరం అదే:
ఫిదా, జర్యాబ్,
బస్సులో ఎవరితోనూ మాట్లాడని సూడాన్ కుర్రాడు కూడా.
అందులో నా పేరు చిట్టిముల్లు,
ఎమిరేట్ మొత్తమ్మీద పదకొండో ర్యాంకు.
లెక్కల మార్కులు దాచిపెట్టి అమ్మకి ఇది చెప్పాను.
"కూరలోకి పనికొస్తుందా?" అంది.

కోట గుమ్మం దగ్గర ఒక నీళ్లమ్మేవాడు.
తోలుసంచి, ఎర్ర తువ్వాలు.
వాణ్ని చంపితే నలభై పాయింట్లు.
చాలా తేలిక.
నేనే రెండొందల సార్లు చంపి ఉంటాను.
చచ్చేముందు ఉలిక్కిపడేవాడు,
అంత బాగా ఉలిక్కిపడ్డం ఏ ఆటలోనూ చూడలేదు.
గ్రాఫిక్స్ అదిరాయి అనుకున్నాం.

జూన్‌లో ఒక రాత్రి నా బాణం గురి తప్పి
వాడి చెవి పక్కనుంచి పోయింది.
అరబ్బీలో అనాల్సిన మాట మర్చిపోయి
"అవ్వా, బర్లు గట్టు దాటినయ్" అన్నాడు.

హెడ్‌ఫోన్ తీసేశాను.
బకెట్లో ఒక చుక్క.
మళ్లీ పెట్టుకున్నాను.
నా తెలుగు నరసాపురంది,
అదీ వేసవి సెలవుల్లో అరువు తెచ్చుకున్నది.
వాడిదీ గోదారేనట, చాలా పైన, పోచంపాడు కట్ట కాడ.
పేరడిగితే లింబాద్రి అన్నాడు.
"గిది కలనా?" అని నన్నే అడిగాడు.
ఏం చెప్పను?
"పొద్దుగాల నాలుగ్గొట్టంగ బస్సు. లేపుతవా బిడ్డా?"

సర్వర్ల గదులు ఊడ్చే జర్యాబ్ వాళ్లన్న చెప్పాడు తర్వాత:
ఆ జనాన్ని యంత్రం తయారుచెయ్యదు, ఖర్చెక్కువ.
లేబర్ క్యాంపుల్లో తలకి పట్టీ కట్టి
నిద్ర అద్దెకు తీసుకుంటారు,
రాత్రికి ఆరు దిర్హాములు.
పగలు కాంక్రీటు మోసిన తలలో
రాత్రి మా బజారు నడుస్తుంది,
గొర్రెలకాపరి, కాపలావాడు, పేరులేని గుంపు.
వాళ్ల సంతకాల కాగితాలు ఎవరు టైపు చేశారని
నేను అడగలేదు.
కింద ప్రింటరు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అంటే చంపినప్పుడల్లా లేచేవాడు ఆయన.
పన్నెండు మంచాల గదిలో,
చీకట్లో, గుండె పట్టుకుని.
రెండొందల సార్లు.

కంపెనీకి రాశాను.
మీ అభిప్రాయం మాకు విలువైనది అంటూ
ఆటలోకి ఒక బంగారు కత్తి పంపారు.

దాన్ని ఇసుకలో పాతేసి
ఆయన ముందు డాలు పట్టుకుని నిలబడ్డాను. అంతే, అదే ఆట.
బుధవారానికి ఫిదా వచ్చింది, తిట్టుకుంటూ.
తర్వాత సూడాన్ కుర్రాడు,
పేరు ఇద్రీస్ అని అప్పుడే తెలిసింది.
బాణాలు మామీద పడేవి.
మాకేం, మేం మెలకువగానే ఉన్నాం.
ర్యాంకు నాలుగువేల చిల్లరకి జారింది.
డాలు వెనక ఆయన గొణుక్కునేవాడు,
మక్కచేను, మిత్తి, ఎవరో గంగమణి, మళ్లీ బర్లు.
కాసేపటికి గొణుగుడు ఆగేది.
బొమ్మ కళ్లు తెరుచుకునే ఉండేవి,
అయినా తెలిసిపోయేది.
మూడూ యాభైకి తువ్వాలు కొస పట్టి లాగేదాన్ని.
"లింబాద్రీ, బస్సు."

శుక్రవారం సాయంత్రం రోలా పార్కు గడ్డి మీద
ఎంతమందో.
నుదుటి మీద పట్టీ గీతలు లెక్కపెట్టాను,
అరవై దగ్గర ఆపేశాను.
ఒకాయన నెయిల్‌కట్టరు బేరమాడుతూ
పక్కాయనతో "ఈ మజ్జ నిద్ర మంచిగనే వడ్తుంది" అన్నాడు.
ఆయనే కావచ్చు, కాకపోవచ్చు.
ఎర్ర తువ్వాలైతే లేదు.
దారికి అడ్డం ఉన్నావన్నట్టు నావైపు చూశాడు.
తప్పుకున్నాను.

నాన్న షట్టరు దించుతున్నాడు.
"ఆ కాగితాలు ఇంకెన్ని టైపు చేస్తావ్?"
"ఏ కాగితాలు?" అన్నాడు,
తాళంచెవి మాత్రం సగం తిరిగి ఆగింది.
నేను పైకెళ్లి బకెట్టు పారబోశాను.
పదిన్నరకి మా కాపలా.