అవతలొడ్డు మనిషి

అంబాజీపేట సినిమా హాలు వెనక
కొబ్బరి డొక్కల గుట్టెక్కి కూచుని
నలభై ఒక్క రోజులు ఒకే సినిమా విన్నాను.
చూళ్లేదు. టిక్కెట్టుకు డబ్బుల్లేవు.

ఎవరు చచ్చారో, ఎవర్నెవరు పెళ్లాడారో అప్పుడు తెలీదు.
సెకండ్ షోలో, ఇంటర్వెల్ దాటిన కాసేపటికి
వయొలిన్లన్నీ టక్కున ఆగిపోయి
ఒక్క వేణువు మిగిలేది.
కాలవలో కప్పలు కూడా ఆ కాస్సేపూ
నోరు మూసుకునేవి, నా నమ్మకం.

చూసొచ్చిన దొరబాబు కథంతా చెప్పాడు.
"ఓస్, ఇంతేనా" అన్నాను.
వాడికి కోపం వచ్చింది.

మొన్న మేనల్లుడు ఫణి
లాప్‌టాప్‌లో ఏదో ఆట ఆడుతున్నాడు.
వాడి మనిషి తుపాకీ దించేసి
ఏటి గట్టున ఊరికే నిలబడ్డాడు.
వాన.
ఎక్కణ్ణించో పియానో,
మూడంటే మూడే స్వరాలు.

"ఇప్పుడేం చెయ్యాల్రా?"
"అవతలొడ్డుకెళ్లి ఒకణ్ణి చంపాలి మావయ్యా."
"మరి వెళ్లవే?"
"వెళ్తే వాన ఆగిపోద్ది."

ఇంకేం మాట్లాడలేదు.
ఇయర్‌ఫోన్ వాడికొక చెవి, నాకొక చెవి.
పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అవతలొడ్డువాడెవడో, పాపం,
ఆ సాయంత్రం
ఇంకో అరగంట బతికాడు.