నలభై ఎనిమిది వోల్టులు

లోడ్జ్ అని రాసి వూచ్ అని పలికే ఊళ్ళో నా కొట్టు,
మూతబడ్డ నూలుమిల్లు వెనక మూడో వాకిలి.
పాత మైకులు కొంటాను, విప్పుతాను, అమ్ముతాను.
గొంతులు నా దగ్గర దొరకవు,
ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

నవంబరులో ఒక మంగళవారం సెవెరిన్ గారు వచ్చారు.
టోపీ తీసి పలకరించారో లేదో
సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది నాకు.
ఆ గొంతు మా ఇంట్లోదే.
ముప్పయ్యేళ్ళు టీవీలో వచ్చిన ప్రతి పరాయి సినిమాకీ
హీరోకీ, హీరోయిన్‌కీ, కుక్కని పిలిచే పిల్లాడికీ
ఆయనొక్కడే చదివేవాడు,
ఉప్పూ కారం లేకుండా.
"నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నా
"రైలు ఆరింటికి" అన్నా ఒకటే తూకం.
లోపం కాదది, కొలువు:
కింద ఏడుస్తున్న అసలు గొంతుకి అడ్డం తప్పుకోవడం.

"ఇంట్లో చదవడానికి ఒకటి కావాలి."
ఏ గదిలో?
"వంటగది. ఫ్రిజ్ మూలుగుతుంది. కిటికీ కింద ట్రామ్."

అయితే డైనమిక్ తీసుకోండి, అన్నాను.
మూతి దగ్గరకొచ్చి చెబితే తప్ప వినదు,
ఫ్రిజ్ గొడవ దానికి పట్టదు.
కాకపోతే బద్ధకం. బాగా గెయిన్ పెడితేగానీ పలకదు,
చవక ప్రీయాంప్‌ని అంత తిప్పితే
పెనం మీద తడిచెయ్యి విదిల్చినట్టు చుయ్‌మంటుంది.
ఇదిగో, ఈ కండెన్సర్‌వి పాము చెవులు.
నలభై ఎనిమిది వోల్టులు అందించారా,
పై అంతస్తులో చెంచా పడినా మీకు చెబుతుంది.

ధర చెప్పాను.
ఆయన కోటు బొత్తం ఒకటి విప్పి, మళ్ళీ పెట్టుకున్నారు.

ఏదైనా చదవండి, అంటూ హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను.
సంచీలోంచి గళ్ళ అట్ట నోటుబుక్కు తీశారు.
భార్యదట. బోగ్నా.
ఆమె చూపు నడిమధ్య పోయి అంచులు మిగిలాయట,
తన డైరీలు తనకే చదివి పెట్టమందట,
ముందుగా చూసుకోకూడదని షరతు.
"నాకేం కొత్తకాదు," అన్నారు,
"సగం సినిమాలు అలాగే చదివాను."

డైనమిక్ మీద మొదలుపెట్టారు.
చక్కెర కూపన్లు. సబ్బు కోసం గంటన్నర వరస. అత్తగారి దగ్గు.
మైకుకీ ఆయనకీ ఈడూ జోడూ కుదిరింది,
నేను బిల్లుబుక్కు అందుకున్నాను.

"అదీ చూద్దాం," అన్నారు.
మార్చాను. ప్రీయాంప్‌లో ట్యూబు వేడెక్కేదాకా ఇద్దరం
ఏమీ మాట్లాడుకోలేదు.
పేజీ తిప్పారు.

"పద్నాలుగు. రాత్రి తొమ్మిదింటి సినిమాలో
ఎవరో ఫ్రెంచావిడకి సెవెరిన్ 'వెళ్ళిపోకు' అని చదివాడు.
వంటగదిలో నిలబడి
సరే అన్నాను.
సూట్‌కేసు మళ్ళీ అటక మీద పెట్టేశాను."

గొంతు మారలేదు. ఒట్టు, వెంట్రుకవాసి మారలేదు.
మీటరు మీద ముల్లు ఎక్కడిదక్కడే.
కానీ నా చెవుల్లో
అంగిలి నుంచి నాలుక ఊడి వచ్చిన చప్పుడు,
గుటక,
కాగితం అంచు దేన్నో తాకుతూ తాకుతూ ఉండడం.
తర్వాతి వాక్యానికి ఆయన రాలేదు.

చాలాసేపటికి,
"ఇదంతా దానికి వినబడుతుందా?"
వినబడుతుంది, అన్నాను.

డైనమిక్ కొన్నారు.
దానికి సరిపడే ప్రీయాంప్, మామూలుది, శుభ్రమైనది.
వైరు చుట్టి ఇస్తుంటే థాంక్స్ చెప్పారు,
రైలు ఆరింటికి అన్నట్టే.

మూడు వారాలకి, మంచులో, మళ్ళీ వచ్చారు.
మైకు బల్ల మీద పెట్టి, చేతి తొడుగులు విప్పకుండానే,
"మార్చుకుంటాను. అదివ్వండి," అన్నారు.

మరి ఫ్రిజ్?
"ఆపేశాం. పాలు కిటికీ బయట పెడుతున్నాం."

ట్రామో?
"ట్రామ్ ఉండనీ, అంది."