క్షయ శుక్రవారం

అపియాలో, చేపల మార్కెట్ వెనక మేడ మీద
పొదుపు సంఘం ఆఫీసు.
ఫ్యాన్ తిరిగినంతసేపే కంప్యూటర్ ఓర్చుకుంటుంది.
ఫెతువావో అక్కడ ఒకే ఒక్క ప్రోగ్రామర్,
గుమాస్తా రాని రోజు రసీదులు కొట్టేదీ తనే.

ఫిబ్రవరిలో మాతాలేనా వచ్చింది.
చంకలో పాస్‌బుక్కు, చేతులకింకా పానికేకెల నూనె వాసన.
రెండు కాగితాలు బల్ల మీద పరిచింది.

మొదటిది జరిమానా.
గురువారం కట్టాల్సిన వాయిదా శనివారం కట్టింది.
రెండు రోజుల ఆలస్యం, నాలుగు తాలాలు.
"గురువారం రాత్రి పడుకున్నాను.
లేచేసరికి శనివారం. దేశమంతా అలాగే లేచింది.
ఆ రెండో రోజేదో చూపించు."

నిజమే. ఆ డిసెంబరులో దీవి
తేదీరేఖకు అటునుంచి ఇటు గెంతింది,
గుమ్మం దాటుతూ చెప్పు జారవిడిచినట్టు
ముప్పయ్యో తారీఖుని వదిలేసి.
మన పంచాంగంలో క్షయతిథి ఉంటుంది కదా,
ఏ సూర్యోదయానికీ చిక్కకుండా జారిపోయేది.
ఇదీ అలాంటిదే, కాకపోతే
చట్టం చేసి మరీ.

రెండోది పాంగో పాంగో నుంచి వచ్చిన మరణపత్రం.
అక్క సియెనీ. శుక్రవారం, ముప్పయ్యో తారీఖు,
సాయంత్రం నాలుగింటికి.
చిన్న విమానంలో అరగంట దూరం.
అక్కడ శుక్రవారం మామూలుగానే తెల్లారింది.
సంఘంలో అక్క వాటా చెల్లెలికి రావాలి.
తేదీ కొడితే తెర ఎర్రబడుతోంది
అటువంటి రోజు లేదని.

ఫెతువావో గోరు కొరుక్కుంది.
రెండూ తను రాసినవే,
తీసివేత నాలుగేళ్ళ కిందట, సరిచూసేది మొన్న జనవరిలో.
జరిమానాకి ఉన్న శుక్రవారం
చావుకి లేదు.

క్వెరీ తెరిచింది.
కట్టిన తేదీలోంచి గడువు తేదీ తీసెయ్,
అంత అమాయకంగా ఉంది ఆ వరుస.
ముప్పై ఒకటిలోంచి ఇరవై తొమ్మిది పోతే రెండే,
ఏ బడిపిల్లాడినడిగినా.
డేటాబేసూ అంతే, అడిగినదానికి చెబుతుంది,
ఎక్కడ నిలబడి అడుగుతున్నావని అడగదు.

"ఆ శుక్రవారం మధ్యలో వస్తే ఒకటి తగ్గించు"
అని ఒక మినహాయింపు రాసి, చెరిపేసింది.
రేపు ఇంకో దీవి గెంతదని ఏముంది?
ప్రతి తేదీ పక్కనా ఊరు చేర్చింది.
గ్రీనిచ్ గడియారం మీదకి విప్పి
గంటలు తీసి
మళ్ళీ అపియాకి మడిచింది.
ఇరవైనాలుగు గంటలు. ఒకటే రోజు.
రెండు తాలాలు వాపసు.

"మరి అక్క?"

సియెనీ వరుసలో ఊరు పాంగో పాంగో అని రాసింది.
తెర ఎర్రబడలేదు.
అక్కడితో ఆగాల్సింది.
కానీ క్వెరీ తన ధోరణిలో తను
పక్క గడిలో ఇక్కడి సమయం కూడా తెచ్చి పెట్టింది.
శనివారం. ముప్పై ఒకటి. సాయంత్రం అయిదు.

మాతాలేనా కళ్ళద్దాలు పైకి నెట్టి చదివింది.
ఇన్నాళ్ళూ అక్క పోయింది లేని రోజున.
తను బతకని రోజున పోయిన మనిషి కోసం
అప్పుడు నేనేం చేస్తున్నానని
వెతుక్కునే పని లేకపోయింది.

"అయిదింటికా," అంది.
"బుట్టలో ఆఖరి పానికేకెలు.
ఒక కుర్రాడు బేరమాడుతున్నాడు.
నవ్వాను కూడా."

ఫెతువావో ఆ గడి తీసెయ్యబోయింది,
ఒక్క పదం చెరిపితే చాలు.
"ఉండనీ," అంది మాతాలేనా,
రెండు తాలాలూ రుమాల్లో ముడేసుకుంటూ.
"అచ్చు తీసివ్వు."

ప్రింటర్ వేడెక్కడానికి
కొంచెం టైం పట్టింది.