తరుగు

అకేయో, ఆ డబ్బా కాసేపు కింద పెట్టు.
కిసుము నుంచి దాణా మిల్లు లారీ ఇంకా రాలేదు.
వచ్చినా నిలబడనీ.

నిన్న క్లినిక్ గోడ మీద బొమ్మ చూశావట.
ఉడికిన గుడ్డు, గ్లాసెడు పాలు, కోసిన బొప్పాయి,
పక్కన నవ్వుతున్న బాలింత.
పిలవని పెళ్ళి ఫొటో చూసినట్టు చూసి
వచ్చేశావట.
నర్సు పెర్పెటువా చెప్పింది.
నువ్వేమీ అడగలేదని కూడా చెప్పింది.

పొద్దున నీ గ్లాసులో పాలు లేని టీ.
మధ్యాహ్నం నిన్నటి జొన్నపిండి సంకటి, అంచులు మాడింది.
దానిలోకి ఆకుకూర. పేరు మాత్రం గొప్పది, సుకుమా వికీ,
వారాన్ని నెట్టుకురా అని.
బుధవారం దాకా నెట్టావు.
గురువారం అదే నిన్ను నెట్టింది,
కుళాయి దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డావు
క్యాను వదిలేసి, బిడ్డను మాత్రం వదలకుండా.

పాలు పడవేమోనని ఏడుస్తున్నావా?
పడతాయి. నా భయమే అది.
ఒంట్లో లేకపోతే అప్పు తెచ్చి మరీ పడతాయి,
ఎముకల దగ్గర, పళ్ళ దగ్గర.
ఇటు నా నోట్లోకి చూడు.
ఈ సందు ఔకో. ఇది అడేరా.
వెనకున్న ఆ రెండూ కవలలు.

ఇప్పుడీ చేప చూడు, ఒమెనా. వేలెడు కూడా లేదు.
రాత్రంతా దీపాలు పెట్టి
లోల్వే సరస్సును మభ్యపెడితే దొరికిన వెండి.
ఇసుక మీద ఎండబెట్టింది నువ్వు.
బట్టతల కొంగల్ని తోలింది నువ్వు.
పడవ వాటా పోగా, సంచీ బాడుగ పోగా
కొలిచి అమ్మింది నువ్వు.
తినేది నైరోబీలో ఎవరిదో ఫారం కోడి.
రేపది గుడ్డు పెడుతుంది.
క్లినిక్ గోడ మీదున్నది ఆ గుడ్డే.

నాకు చదువు రాదు, లెక్క వచ్చు.
కోడికి ఎంత బలం కావాలో
మిల్లువాడు కాగితం మీద రాసుకుని వస్తాడు.
నీ కాగితం ఏ లారీలోనూ లేదు.
తడి ఉందని, ఇసుక ఉందని
బస్తాకింత తరుగు తీస్తాడు కదా వాడు,
డబ్బాకో గుప్పెడు నువ్వూ తియ్యి.
ఎవరైనా అడిగితే తరుగని చెప్పు.
అప్పటికీ ఒప్పుకోకపోతే
కన్సొలాటా ముసలిది తీసిందని చెప్పు.

తల తుంచకు. ముల్లు తీయకు.
ఎముక అరిగినచోటికి ఎముకే పోవాలి.
గట్టు మీద వామింట ఊరికే మొలిచింది,
ఒకసారి వార్చి చేదు పారబోస్తే చాలు.
ఇంటికి తీసుకెళ్ళావంటే
ముందు మగవాళ్ళు, తర్వాత మీ అత్త,
ఆఖరికి గిన్నె నాకేది నువ్వు. తెలియదా నాకు?
అందుకే ఇక్కడే పొయ్యి పెట్టాను.
నే చూస్తుండగా తిను.

అదుగో హారన్. కొట్టుకోనీ.
మెల్లగా నములు.
వానలో పుట్టినవాడు, నీ ఒకోత్,
నీ దవడ కదలికే చూస్తున్నాడు
పెద్ద కామందులాగా.

ఏం, ముల్లు గుచ్చుకుందా?
సంకటి ముద్ద మింగు, దిగిపోతుంది.