ఇంకా పుట్టని దాని తూకం

అబర్డీన్‌లో వాన పక్కకు కురుస్తుంది.
వంటగదిలో నేను
ఇంకా పుట్టని లాప్‌టాప్‌ను తూస్తున్నాను.

కంపెనీ వదిలింది ఒక్కటే బొమ్మ:
చీకట్లో ఒక అంచు, అంచులో చార్జింగ్ రంధ్రం.
రంధ్రం కొలత నాకు తెలుసు.
దాన్నే జానగా పెట్టుకుని
మందం పాతిక మిల్లీమీటర్లన్నాను.
బరువు మాత్రం నా భుజమే చెప్పాలి.

అట్టపెట్టె కోసి, టేపు వేసి,
కందిపప్పు పోశాను.
రెండు కిలోల ఆరువందలు.
ఇంకో గుప్పెడు, చార్జరు కోసం.
ఇంకో గుప్పెడు,
కంపెనీలు ఎప్పుడూ చెప్పని దాని కోసం.

రిగ్గుకెళ్లే హెలికాప్టర్ దగ్గర
సంచీతో పాటు మనిషినీ తూస్తారు.
సముద్రం అడుగు రాళ్లన్నిటినీ
తెరమీద తిప్పి చూపే యంత్రం కావాలి నాకు,
రెండో స్వెట్టరు మానేయకుండా.

అట్టకు సోమలింగం అని పేరు పెట్టి
వీపున వేసుకుని
యూనియన్ స్ట్రీట్ పొడవునా నడిచాను.
హార్బరు దగ్గర ఫెర్గస్ ఎదురై
"కొత్తదా?" అన్నాడు.
సంచీ అందుకుని, ఎత్తి చూసి,
"పాతదానికంటే తేలికే."

టేపు ఊడిన మూల నుంచి
అప్పటికే ఒక్కో గింజా రాలుతోంది
గ్రానైట్ మెట్ల మీద, సీగల్ కాళ్ల ముందు.

ఇంటికొచ్చి తూస్తే
రెండున్నర కిలోలు.
అదే రాసిపెట్టాను, నా జోస్యంగా.