కదలాల్సిన గూడు

మా చిలోయే దీవిలో
వాన ఆగిన రోజు అప్పు తెచ్చుకున్న రోజు.
అలాంటి అప్పురోజులు నాలుగు వరసగా దొరికాయి,
రోసమెల్ రంపం తీశాడు.

కోళ్లు ఏడు.
తోక లేనిది ఒకటి, నీలిగుడ్లు పెడుతుంది.
ఎవర్నీ నమ్మదు గనక దాన్ని మేజిస్ట్రేటు అంటాం.
మిగతావాటికి పేర్లు లేవు.
నక్క నోట్లోకి పోయేవాటికి పేరెందుకంటాడు.

పాత గూడు కింద నేల చచ్చిపోయింది.
గోకిన చోటే గోకి, రెట్ట మీద రెట్ట పడి
గడ్డిపరక మొలవదు.
"నేలకి ఊపిరాడాలి, గూడు జరుగుతుండాలి"
అన్నాను, అన్నం తింటూ అన్న మాటే.
ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

సిమెంటు సంచి వెనక గీశాడు:
గుడారంలా వాలిన కప్పు, అడుగు లేదు, గడ్డే నేల,
గుడ్లకో అర, ముందు రెండు చేతికర్రలు,
వెనక రెండు చక్రాలు, రేవులో దొరికినవి,
ఒకటి పెద్దది, ఒకటి పెద్దది కానిది.

తేలిక కర్ర వాడమన్నాను.
గాలికి పోతుందన్నాడు.
బతుకంతా పడవలు కట్టినవాడు,
నీళ్లని లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే వచ్చు.
లూమా కర్ర దించాడు, మేకు దిగితే మేకే వంగే కర్ర.
కీలుకీలుకీ గూటం, సందుసందుకీ తారు.
కోళ్లకి ఓడ కట్టి
నన్ను పిలిచాడు.

ఒకటి, రెండు, మూడు!
నా నడుము కదిలింది.
గూడు కదల్లేదు.
మేజిస్ట్రేటు వలలోంచి ఒంటికన్నుతో చూసి
విచారణ వాయిదా వేసింది.

కదలని ఇల్లు మా దీవిలో వింత.
నాకు ఆరేళ్లప్పుడు మా ఇంటినే
దుంగల మీదికెక్కించి, పద్దెనిమిది ఎడ్లు కట్టి
వాగు దాటించారు ఊరివాళ్లు.
మింగా అంటాం దాన్ని. కూలి ఉండదు,
ఉడికిన బంగాళాదుంపలు, ఆపిల్ కల్లు, అరుపులు.
అమ్మ పింగాణీ కప్పులన్నీ ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుంది.
ఒకటి మరిచిపోయింది.
గోడమేకుకి వేలాడుతూ అది వాగు దాటింది,
అంచు కూడా చెదరకుండా.

"బాల్దొమేరో ఎడ్లని అడగనా?" అన్నాడు.
"ఏడు కోళ్లకా? రోజూనా?
పొద్దున్నే ఊరికంతా దుంపలు ఉడకేస్తావా?"

ఆ రాత్రి వాన అప్పు వసూలుకొచ్చింది.
తెల్లారేసరికి షెడ్డులో రంపం.
ఒక్కో లూమా ముక్కా తీస్తున్నాడు,
పళ్లు పీకించుకుంటున్నవాడి ముఖంతో.
వాటి చోట సాల్మన్ పెంపకంవాళ్లు
ఒడ్డున పారేసిపోయిన ప్లాస్టిక్ గొట్టాలు,
నీలం వల.
కోళ్లు పడుకునే వైపు తారుపలక ఒక్కటి మాత్రం
తియ్యలేదు.
నేనూ అడగలేదు.

ఎత్తాను. నిండు బిందె బరువు, అంతే.
గూడు నడిచింది, కుంటుతూ.
లోపల కోళ్లూ నడిచాయి,
తమ ఇంటిని తామే తోసుకుపోతున్నంత గర్వంగా.
మేజిస్ట్రేటు కదల్లేదు,
వెనకకర్ర వచ్చి తగిలేదాకా.

మేం జరిగిన చోటల్లా ఒక నలుచదరం.
ముందు బోడిగా, ఒక ఈక, నాలుగు గీతలు.
పక్షం తిరిగేసరికి మిగతా చేనుకన్నా చిక్కటి పచ్చ.
పైదారిన పోతూ ఎదువీనా కేకేసింది:
"చేనంతా స్టాంపులు అంటించారు,
ఉత్తరం ఎవరికే ఒతీలియా?"

నిన్న రాత్రి నక్క వచ్చింది.
బురదలో అడుగులు
మొన్నటి చదరం చుట్టూ రెండుసార్లు తిరిగి,
నిన్నటిదాని మీద ఆగి,
ఇవాళ్టి గూటి దగ్గరికి తిన్నగా.
తారుపలక మీద గోళ్ల గీతలు,
పొడుగ్గా, తొమ్మిదో పదో.
ఒక్కటీ అవతలికి దిగలేదు.

రోసమెల్ గీతల్లో వేలు పెట్టి
చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.
ఏడూ ఉన్నాయా అని నేను లెక్కపెడుతున్నాను.
ఆయన లేచి, మోకాలి మట్టి దులుపుకుని,
చిన్న చక్రం వైపు నిలబడ్డాడు.
"పట్టు," అన్నాడు,
"ఇవాళ ఇంకా జరపలేదు."