ఖాళీ గడి

కుబ్బూస్ బందువెట్టి ఏడు నెలలు.
సోహార్ క్యాంపు మెస్సుల నా గిన్నె వేరు,
మూత మీద మేకుతో గీకిన నా పేరు.

అయినా రాత్రి మళ్ల
కడుపుల ఎవరో తడిబట్ట పిండినట్టు.

ఏం తిన్న?
అన్నం, పెసరపప్పు, సగం ఖర్జూరం.
అన్వరుల్ చేతికంటిన పిండా? మసాలా డబ్బానా?
డబ్బాల మీది అరబ్బీల
ఒక్క మాటే గుర్తువట్ట నేర్చిన:
కమ్హ్. గోధుమ.

క్లినిక్ డాక్టర్ కాగితం తిప్పి
"అంతా నార్మలే" అన్నడు.
ఆ మాటను ఒడిల పెట్టుకొని
సైటు బస్సుల వంగి కూసున్న.
పేరు లేని నొప్పికి
ఫోర్‌మన్ సెలవు రాయడు.

పై మంచం మీంచి గంగమల్లు
ఏమనకుండ వాము పొట్లం జారవిడిచిండు.

ఏం తిన్ననో రాసుకునే నోటుబుక్కుల
సెల్‌ఫోన్ వెలుతురుల రాసిన:
వాము, చిటికెడు.
ఎదురుగ, రోజూలాగే, ఖాళీ గడి.